సాహస యాత్రల మోటారు సైకిలుకు సెంటర్ స్టాండు – ఎంపిక, అమరిక

కొండదారులలోను, మట్టిబాటలలోను నడపడానికి అనువుగా తయారైన మోటారు సైకిళ్లను ఇంగ్లీషులో అడ్వెంచర్ మోటారు సైకిళ్లని అంటారు. ఎత్తైన శరీరం, పొడవైన షాకబ్జార్లు, నేలకు దూరంగా నిలిచే ఇంజను వీటి లక్షణాలు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ వచ్చిన తరువాత ఇటువంటి బండ్లు మన విద్యార్థుల ఊహలలోకీ, కొందరి ఇండ్లలోకీ ప్రవేశించినవి. వీటిని కొనేటప్పుడు వేగాన్ని గురించి విచారించేవారు పదిమంది ఉంటే, నిలిపే సాధనాన్ని గురించి విచారించేవాడు ఒక్కడుండడం అరుదు. కాని బండి కదిలే వేళకంటె నిలిచి ఉండే వేళయే ఎక్కువ. అందుచేత సెంటర్ స్టాండును ఎట్లు ఎన్నుకోవలెనో, ఎట్లు అమర్చుకోవలెనో పాఠకులకు వివరింపదలచినాము.

రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్ మన వీధులలో తిరిగిన కాలంలో సెంటర్ స్టాండు లేని బండి ఉండునని ఎవరూ అనుకొని ఉండరు. మన ప్రాంతంలో దానిని డబుల్ స్టాండు అని పిలవడం వాడుక. తరువాతి కాలంలో బరువు తగ్గించడానికీ, ఖర్చు తగ్గించడానికీ, ఇంజను క్రింద సైలెన్సరుకు చోటు కల్పించడానికీ పలువురు తయారీదారులు దానిని తొలగించినారు. 2020లో మన దేశంలో విడుదలైన కెటిఎం 390 అడ్వెంచర్ సైడ్ స్టాండుతో మాత్రమే వచ్చినది. ఈ విధంగా దూరప్రయాణాలకు ఉద్దేశించిన బండ్లకే ఆ ప్రయాణాలలో అక్కరకు వచ్చే సాధనం కొరవడినది.

దాని అవసరం ఎక్కడ కలుగుతుందో తెలియవలెనన్న ధర్మసాగర్ వైపు ఒకసారి చూడవచ్చును. ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిదై, నేడు హనుమకొండ జిల్లాలో ఉన్న ఈ మండలంలో పెద్ద జలాశయం ఉన్నది. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు దానిలోనికి చేరుతుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల దాహం తీర్చే నీటిలో దాని పాలున్నది. చెరువు కట్ట, దిగువ పొలాల బాటలు, దేవునూరు సమీపంలోని ఇనుపరాతి గుట్టలు – ఈ మూడూ సెలవు దినాలలో యువకులను ఆకర్షించే చోట్లు. మూడింటి నేలలూ మూడు తీరులు. నీరు తీసిన చోట ఒండ్రు పైన పొరగట్టి గట్టిగా కనబడుతుంది. లోపల మెత్తగా ఉంటుంది. చలక నేల ఎండలో రాయివలె ఉండి, ఒక్క వానకు వదులవుతుంది. గుట్టల దగ్గర రాతి పలకలు, గులకరాళ్లు ఉంటాయి.

సైడ్ స్టాండు మీద నిలిచిన బండి ఎడమకు ఒరిగి ఉంటుంది. దాని పాదం వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లనీ, దానిమీద పడే భారం 40 కిలోలనీ అనుకొందము. ప్రతి చదరపు సెంటీమీటరు మీద 2 కిలోల ఒత్తిడి పడుతుంది. ఆ పాదం మెత్తని నేలలో కొద్దికొద్దిగా దిగబడుతున్న కొలదీ బండి మరింత ఒరుగుతుంది. ఒరిగిన కొలదీ పాదం మీద భారం పెరుగుతుంది. తుదకు బండి పడిపోతుంది. సుమారు 200 కిలోల బరువు అది. పల్లెలో కొత్త బండి ఆగితే చుట్టూ పిల్లలు మూగడం, ఒకడు ఎక్కి కూర్చోవడం మనకు తెలియనిది కాదు. అద్దం పగిలితే మార్చుకోవచ్చును. పిల్లవాని కాలు విరిగితే ఆ ఇంటివారికి ఏమని సమాధానం చెప్పగలము?

రెండవ అవసరం పంచరు. ట్యూబు ఉన్న టైరుకు మేకు దిగితే చక్రాన్ని విప్పక తప్పదు. చక్రం విప్పవలెనంటే అది గాలిలో నిలవవలెను. పొద్దు గుంకే వేళ గుట్టల నడుమ మెకానిక్కు దొరకడు. సెంటర్ స్టాండు ఉన్నవాడు నాలుగు పానాలతో ఒక గంటలో పని ముగించుకొని ఇల్లు చేరగలడు. చైను శుభ్రపరచి నూనె వేయడం, దాని బిగువు సరిచూడడం కూడ వెనుక చక్రాన్ని చేతితో త్రిప్పగలిగినప్పుడే సుఖంగా సాగుతాయి.

ఇక ఎంపిక మాట. సెంటర్ స్టాండు నిజానికి ఒక తులాదండం. ముడిచినప్పుడు దాని కాళ్లు వెనుకకు చాచి ఉంటాయి. క్రిందికి త్రొక్కితే పాదాలు నేలను తాకుతాయి. ఇంకను త్రొక్కితే బండి వెనుకకు జరుగుతూ పైకి లేచి, కాళ్లు నిలువును దాటిన తరువాత అడ్డుకు ఆనుకొని ఆగుతుంది. నిలువును దాటినందువల్లనే బండి బరువు స్టాండును ఆ స్థితిలో పట్టి ఉంచుతుంది. ముందుకు నెట్టితే తప్ప దిగదు. కాళ్ల పొడవులో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా ఈ ఏర్పాటు చెడిపోవడానికి కారణమిదే.

సాహస యాత్రల బండికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. వెనుక చక్రం పైకీ క్రిందికీ ఆడే దూరం సాధారణమైన బండ్లలో 10 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, 411 సీసీ హిమాలయన్‌లో అది 18 సెంటీమీటర్లు. నేలమీద నిలిచినప్పుడు బండి తన బరువుకు తానే కొంత క్రిందికి అణగి ఉంటుంది. స్టాండు మీదికి ఎక్కించేటప్పుడు షాకబ్జారు పూర్తిగా చాచుకొనేవరకు చక్రం నేలను విడువదు. అణగిన దూరం 3 సెంటీమీటర్లనీ, చక్రం నేలకు 2 సెంటీమీటర్ల ఎత్తున నిలవవలెననీ అనుకొంటే, వెనుకభాగం మొత్తం 5 సెంటీమీటర్లు లేవవలెను. ఒక్క సెంటీమీటరే అణగే చిన్న బండికి 3 సెంటీమీటర్లు లేస్తే చాలును. బలవంతుడైన యువకుడు సైతం ఈ బండి ముందు చెమటోడ్చడానికి ఇదియే కారణం. వెనుక పెట్టెలలో సామాను ఉంటే బండి ఇంకను అణుగుతుంది కనుక ముందు సామాను దించి, పిమ్మట బండిని ఎక్కించవలెను.

దీనినిబట్టి మొదటి నియమం తేలుతున్నది. స్టాండు మీ బండి నమూనాకు, అది తయారైన సంవత్సరానికి, మీరు వాడే టైరు కొలతకు, షాకబ్జారు పొడవుకు సరిపోవలెను. ఒక మిత్రుని బండికి సరిపోయినదని కొనరాదు. షాకబ్జారు మార్చి బండిని ఎత్తు చేసినచో పాత స్టాండు చక్రాన్ని లేపలేదు. బండిని పొట్టి చేసినచో అదే స్టాండు మితిమీరిన ఎత్తై, ఎక్కించేవాని నడుమును పరీక్షిస్తుంది.

రెండవ నియమం నేలకు ఉండే ఎడమును గురించినది. ముడిచిన స్టాండు ఇంజను క్రింది రక్షక పలకకంటె క్రిందికి వ్రేలాడరాదు. ఒక మనిషి, వెనుక మరొకరు కూర్చుండగా కొలిచి చూడవలెను. ఖాళీ బండిని కొలిస్తే ఫలితం మోసగిస్తుంది. వ్రేలాడే స్టాండు గుట్టలలో రాతి అంచుకు తగులుకొంటుంది. మలుపులో బండి వాలినప్పుడు త్రొక్కుడు కొన నేలకు ఆనితే వెనుక చక్రం పట్టు విడిచి, నడిపేవాడు పడిపోయే ప్రమాదం ఉన్నది.

మూడవది పాదాల వెడల్పు. సెంటర్ స్టాండు మీద బండి బరువులో అధికభాగం రెండు పాదాలపైన పడుతుంది. కనుక సన్నని గొట్టపు కొనలు ఉన్నదానికంటె చదునైన పలకలు అతికినది మేలు. అయినప్పటికీ చెరువు ఒండ్రులో సెంటర్ స్టాండు కూడ దిగబడుతుంది. ఒక జానెడు చెక్క పలకను సామానులో ఉంచుకోవడం తెలివైన పని. ఇందాకటి 40 కిలోల భారమే 10 సెంటీమీటర్ల చదరపు పలక మీద పడితే ఒత్తిడి 2 కిలోలనుండి 0.4 కిలోకు తగ్గుతుంది.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, బిగించే చోటు. చట్రం క్రింద స్టాండుకై తయారీదారు ఉంచిన చెవులు ఉన్నవా అని చూడవలెను. ఉంటే పని సులభం. లేనిచో, ఆ బండికే ప్రత్యేకంగా రూపొందించిన బిగింపు పట్టీలతో కూడిన స్టాండు దొరికితే వాడవచ్చును. లేకుంటే ఆశ విడువవలెను. చట్రానికి వెల్డింగు చేయించరాదు. ఆ వేడికి ఉక్కు బలం మారుతుంది. పగులు ఎప్పుడో వేగంలో ఉండగా బయటపడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మూలనిర్మాణాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చడానికి అడ్డు చెబుతున్న సంగతిని కూడ గుర్తుంచుకొనవలెను.

అమర్చే పద్ధతి ఇది. సైలెన్సరు చల్లారిన తరువాత బండిని సమమైన గచ్చు మీద సైడ్ స్టాండుపై నిలిపి, మొదటి గేరులో ఉంచి, ముందు బ్రేకు పిడిని రబ్బరు పట్టీతో కట్టవలెను. పట్టుకొనడానికి రెండవ మనిషి తప్పక ఉండవలెను. బుష్షులను శుభ్రపరచి గ్రీజు పూయవలెను. స్టాండును చెవుల నడుమ నిలిపి బోల్టులను చేతితో కొన్ని చుట్లు ఎక్కించిన తరువాతనే పానా పట్టవలెను. ఎంత బిగించవలెనో స్టాండుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. దానిని మించి బిగిస్తే మర చెడుతుంది. బోల్టు గట్టిగా ఉండి, స్టాండు మాత్రం బుష్షు మీద తేలికగా తిరగవలెను. పాత నట్టు మరల వాడక, వదులు కాని కొత్త నట్టు వేయవలెను.

స్ప్రింగు తగిలించడం అన్నింటిలో కష్టమైన ఘట్టం. రెండు కొక్కేల నడుమ దూరం అతి తక్కువగా ఉండే స్థితిలో స్టాండును ఉంచవలెను. స్ప్రింగును ఒక ప్రక్కకు వంచి, విడిన చుట్ల నడుమ వాషర్లను ఒక్కొక్కటిగా దూర్చితే అది సాగి ఉంటుంది. అప్పుడు సులభంగా తగులుతుంది. స్టాండును కదిలించగానే వాషర్లు రాలిపోతాయి. ఈ పని చేసేటప్పుడు కండ్లకు అద్దాలు లేకుండా ఉండరాదు. జారిన స్ప్రింగు ముఖానికే తగులుతుంది.

అమరిక ముగిసిన తరువాత పరీక్షలు చేయవలెను. ముడిచిన స్టాండు రబ్బరు దిమ్మకు ఆనుతున్నదా? చైనుకు, సైలెన్సరుకు, వెనుక చక్రాన్ని మోసే చేతికి తగులుతున్నదా? ఇద్దరు కూర్చొని బండిని గట్టిగా అదిమినప్పుడు కూడ తగలరాదు. పదిమార్లు ఎక్కించి దించి చూడవలెను. 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట బోల్టులను మరల సరిచూడవలెను. సాగిపోయిన స్ప్రింగును వెంటనే మార్చవలెను.

ఎక్కించే తీరు కూడ నేర్వదగినది. ఎడమ చేయి హ్యాండిలు మీద, కుడి చేయి వెనుక పిడి మీద ఉంచి, బండిని నిటారుగా నిలిపి, రెండు పాదాలూ నేలను తాకినవని తెలిసిన తరువాత ఒంటి బరువంతా కాలి ద్వారా త్రొక్కుడు మీద వేయవలెను. చేతులు బండిని ఒరగకుండ చూచుకొనవలెనే గాని ఎత్తరాదు. ఈ కిటుకు తెలిసిన సన్నని అమ్మాయి ఎక్కించగలిగిన బండిని, తెలియని మల్లుడు ఎక్కించలేడు.

మరమ్మతు అనే మాటను మన తెలుగు ఉర్దూనుండి గ్రహించినది. ఉస్తాదు అనే మాటా అంతే. ఆ రెండు మాటలూ మన వర్క్‌షాపులలో ఇప్పటికీ జంటగా వినిపిస్తాయి. మంచి ఉస్తాదు దగ్గర నిలబడి ఒక్కసారి ఈ పని చూచిన విద్యార్థి రెండవసారి స్వయంగా చేసుకొనగలడు. తల్లిదండ్రులు పొదుపు చేసిన సొమ్ముతో కొనిచ్చిన బండిని నడపడం వారంలో నేర్చుకొంటున్నాము. దానిని క్షేమంగా నిలపడానికి ఒక్క ఆదివారం కేటాయించవలసినదిగా మా సోదర విద్యార్థులను కోరుచున్నాము.