మిద్దెమీద మిత్రలాభం

ఇరవయ్యేళ్లుగా చిన్నయసూరి ‘మిత్రలాభం’ పాఠం చెబుతున్నవాణ్ణి. అయినా మిత్రుడెవరో, శత్రువెవరో తెలియక నేను చేసిన హత్యలకు లెక్కలేదు. కంగారుపడకండి, హతులంతా పురుగులే! నేరస్థలం హైదరాబాదులోని మా ఇంటి మిద్దె.

నాలుగేళ్ల క్రితం కుండీల్లో చిక్కుడూ, వంగా వేశాను. చిక్కుడు కాపుకు వచ్చిందో లేదో, లేత తీగెల నిండా నల్లగా పేనుబంక పట్టింది. మర్నాడు చూద్దును గదా, వాటి మధ్య బుల్లి మొసలిపిల్లల్లాంటి పురుగులు! నల్లటి ఒళ్లు, నారింజరంగు మచ్చలు. ఇవి మరీ దుర్మార్గుల్లా ఉన్నాయనుకుని తిన్నగా మందులకొట్టుకు వెళ్లి, మోనోక్రోటోఫాస్ సీసా తెచ్చి కొట్టేశాను. లేబులు చదవలేదు. చదవడమే వృత్తిగా గలవాణ్ణి, చూడండి!

మూడోనాడు నా పూర్వవిద్యార్థి ఒకడు మమ్మల్ని చూడవచ్చాడు. వ్యవసాయాధికారి. మా అమ్మ వరండాలో కూచుని ఆ చిక్కుడుకాయలకే ఈనెలు తీస్తోంది. పక్కన మా అమ్మాయి గింజలు ఒలుస్తోంది. నా ప్రతాపం వర్ణిస్తూ సీసా చూపించాను. కుర్రవాడి ముఖం పాలిపోయింది.

“మాస్టారూ, ముందు ఆ కాయలు పారవేయించండి. కూరగాయలమీద ఈ మందు వాడరాదని 2005 లోనే నిషేధించారు.”

అమ్మ ఒక్కమాట అనలేదు. చేట పక్కకు నెట్టి, పిల్ల చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగింది. అప్పుడు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

తీరా ఆ మొసళ్లెవరంటారా? ఎర్రటి వీపుమీద నల్లచుక్కలతో ముద్దుగా తిరిగే అక్షింతల పురుగు పిల్లలు! ఒక్కొక్కటీ ఎదిగేలోగా వందలకొద్దీ పేనును ఆరగిస్తుంది. పేనుబంక మగతోడు లేకుండానే పిల్లల్ని కనగలదు. చావగా మిగిలిన నాలుగూ కొద్దిరోజుల్లోనే మళ్లీ పాదంతా నిండాయి. తినేవాళ్లను నేనే చంపుకున్నాను మరి.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే, కొత్తగా కుండీలు పెట్టినవాళ్లు మా మిద్దె ఎక్కుతారు. “ఏం మందు కొట్టాలండీ?” అన్నదే అందరి మొదటి ప్రశ్న. చేతికి భూతద్దం ఇచ్చి, ఆకు తిరగేసి చూడమంటాను. పుస్తకాల్లో దీనికి ‘సమగ్ర సస్యరక్షణ’ అని గంభీరమైన పేరుంది. ముందు చూపు, తరవాత చెయ్యి, ఆ తరవాతే మందు అన్నమాట. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురుకోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కుండీల బల్ల కాళ్లు నీళ్లపళ్లాల్లో పెట్టి, బల్ల గోడకు తగలకుండా జరిపితే కాపలా ఎత్తేసినట్టే. వంగమొవ్వు తల వాల్చిందంటే తొలిచే పురుగు లోపలుంది. పైన కొట్టిన మందు దానికి అందదు. వాడినదానికి కాస్త దిగువగా తుంచి నాశనం చెయ్యాలి. తెల్లదోమకు ఆముదం రాసిన పసుపుపచ్చ అట్టముక్క. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట.

మొన్న ఆదివారం పక్కవీధి ఇల్లాలు ఒకావిడ అగ్గిపెట్టె తెచ్చింది.

“ఇదేం రాక్షసండీ? ఏడింటిని చంపాను. మీకు చూపిద్దామని దీన్ని మిగిల్చాను.”

తెరిచాను. మొసలిపిల్ల! నేనేదో చెప్పబోయేలోగా వెనకనుంచి మా అమ్మ అందుకుంది.

“తీసుకెళ్లి దానిచోట దాన్ని వదిలిపెట్టమ్మా, ఎండెక్కకముందే.”