మ్యూరియాటిక్ యాసిడ్ – ఆ పేరెలా వచ్చింది?

స్నానాలగది గచ్చు కడగడానికి కొట్టునుంచి యాసిడ్ తెప్పిస్తుంటాం కదా! కొన్ని సీసాలమీద 'మ్యూరియాటిక్ యాసిడ్' అని ఉంటుంది. ఇదేదో కొత్త మందు కాబోలనుకోకండి. పిల్లల పాఠాల్లో వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే ఇది. లాటిన్ భాషలో 'మ్యూరియా' అంటే ఉప్పునీరు. పూర్వం ఈ ఆమ్లాన్ని మనం కూరలో వేసుకునే ఉప్పునుంచే తీసేవారు, అందుకని ఆ పేరు. దీనినుంచి వచ్చే ఘాటైన వాయువు ఒక మూలకమని 1810లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు తేల్చి, 'క్లోరిన్' అని పేరుపెట్టాడు. గ్రీకులో 'క్లోరోస్' అంటే లేత ఆకుపచ్చ. దాంతో పాతపేరు పుస్తకాల్లోంచి పోయి, అంగట్లో మిగిలిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గచ్చు ఇంకా తెల్లబడుతుందని కొందరు యాసిడ్‌తోబాటు బ్లీచింగ్ పౌడరు కూడా చల్లుతారు. రెండూ కలిస్తే ఆ క్లోరిన్ వాయువే పైకి లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణానికే ముప్పు. ఒకటి వాడిననాడు రెండోది ముట్టకండి, కిటికీ తెరిచి ఉంచండి. చలువరాతిమీద, మొజాయిక్‌మీద అసలు పోయకండి, నురగలొచ్చి రాయి తినేస్తుంది. సీసామీది పేరు చదవలేని పనిమనిషికి ఈ సంగతి మీరే చెప్పాలి సుమండీ!