ఏడిళ్ళలో ఒక ఇల్లు

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ సెక్రటరీ నా గదికి మూడుసార్లు వచ్చాడు. "మీ సబ్జెక్టులోనే రాయండి మేడమ్, జువాలజీ అంటే అందరికీ ఇష్టమే" అన్నాడు. అది ఎంతవరకు నిజమో పేపర్లు దిద్దే నాకు తెలుసు. అందుచేత సబ్జెక్టుకు మరీ దూరం పోకుండా, 2022 నుంచీ మా ఇంట్లో జరుగుతున్న ఒక వ్యవహారం గురించి రాస్తాను. జంతు సంరక్షణ కేంద్రానికి చేరిన దిక్కులేని పిల్లుల్ని ఇంటికి తెచ్చుకొని, కొన్నాళ్ళు సాకి, మళ్ళీ ఇంకొకరికి ఇచ్చెయ్యడమే ఆ వ్యవహారం. ఇంగ్లీషులో దీన్ని ఫోస్టరింగు అంటారు. మనకు అర్థమయ్యేటట్లు చెప్పాలంటే మేనమామ ఇల్లు వంటిది. పుట్టిల్లూ కాదు, అత్తిల్లూ కాదు. కొన్నాళ్ళుండి ఒళ్ళు చేసి వెళ్ళే చోటు.

ఇదంతా పరమేశం పోయిన తర్వాత మొదలైంది. పరమేశం మా పిల్లి. 2008లో విశాఖపట్నంలో మేమున్న వీధి చివర, చేపల గంప దగ్గర దొరికాడు. పద్నాలుగేళ్ళు మాతో ఉన్నాడు. 2021 చివర్లో నీళ్ళు ఎక్కువగా తాగడం మొదలుపెట్టాడు. వేసవి వస్తోంది కదా అనుకున్నాను. జువాలజీ చెప్పే మనిషిని, ఎక్సక్రీషన్ మీద ఏటా పాఠం చెబుతాను, అయినా ఇంట్లో పిల్లి విషయానికి వచ్చేసరికి తట్టలేదు. మూత్రపిండాల పనిలో మూడింట రెండు వంతులు పోయేదాకా పిల్లి పైకి ఏమీ కనపడనివ్వదు. మనం గుర్తించేసరికి మిగిలింది తక్కువ. చివరి ఆరు నెలలు భుజాల మధ్య చర్మం ఎత్తి, దాని కింద సెలైను నేనే ఎక్కించేదాన్ని. 2022 జూలైలో పోయాడు.

మనిషి పోతే పదిమంది వస్తారు, పెద్దకర్మ ఉంటుంది, సెలవు ఉంటుంది. పిల్లి పోతే సెలవు చీటీలో ఏం రాస్తాం? "అస్వస్థత" అని రాశాను. "పోన్లే అమ్మా, పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకో" అన్నారు పక్కింటి పిన్నిగారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. ప్రాచీన ఈజిప్టులో ఇంట్లో పిల్లి తనంతట తాను చనిపోతే ఆ ఇంటివాళ్ళంతా కనుబొమలు గొరిగించుకునేవారని హెరొడోటస్ రాశాడు. కనీసం వీధిలో ఎదురైనవాళ్ళకు సంగతి తెలిసేది. నేను మాత్రం కనుబొమలతోనే క్లాసుకు వెళ్ళి ఆర్థ్రోపొడా చెప్పాను.

నెల తిరిగేసరికి మా ఎం.ఎస్సీ. విద్యార్థిని ఒకమ్మాయి అట్టపెట్టె పట్టుకొని గుమ్మంలో నిలబడింది. లోపల మూడు పిల్లి కూనలు. కళ్ళు తెరిచి రెండు మూడు రోజులై ఉంటుంది.

"నాకింక పిల్లులు వద్దమ్మా. ఈ ఇంట్లో మళ్ళీ పిల్లిని పెంచను" అన్నాను.

"పెంచుకోమనట్లేదు మేడమ్. పెంచి ఇవ్వమంటున్నాం."

ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు. గుమ్మంలో పెట్టె ఉండగా కాదనలేక తీసుకున్నాను.

సంరక్షణ కేంద్రం ఉండగా మధ్యలో మన ఇల్లెందుకని చాలామంది అడుగుతారు. మూడు కారణాలు. తల్లిలేని కూనకు మొదటి వారాల్లో రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్ళు కూడా, పాలు పట్టాలి. వంద కుక్కలూ యాభై పిల్లులూ ఉన్నచోట నలుగురు పనివాళ్ళు ఆ పని చెయ్యలేరు. రెండోది, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధకశక్తి తగ్గిపోయి, టీకా ఇంకా పూర్తిగా పనిచెయ్యని మధ్యకాలం ఒకటుంటుంది. గుంపులో ఉంటే ఆ సమయంలోనే జబ్బులు అంటుకుంటాయి. మూడోది, పిల్లి మనిషిని నమ్మడం నేర్చుకునే వయస్సు ముఖ్యంగా రెండో వారం నుంచి ఏడో వారం వరకు. ఆ ఐదారు వారాలూ బోనులో గడిస్తే, తర్వాత ఎవరు ఎత్తుకోబోయినా గోళ్ళే బయటికి వస్తాయి. అటువంటి పిల్లిని ఎవరు తీసుకుంటారు?

ఇక్కడొక మాట. వీధిలో కనపడ్డ ప్రతి కూనా అనాథ కాదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక చోట అలికిడి ఎక్కువైతే ఒక్కొక్కదాన్నే నోట కరుచుకొని ఇంకో చోటికి చేరుస్తుంది. రెండోదాన్ని మోసుకెళ్ళిన సమయంలో మనం మూడోదాన్ని "పాపం" అని ఎత్తుకొచ్చేస్తాం. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. ఒళ్ళు వెచ్చగా, పొట్ట నిండుగా, నిశ్శబ్దంగా ఉంటే తల్లి ఉన్నట్లే. తల్లి పెంపకం ముందు మా పాలసీసాలు ఏపాటి?

నిజంగా తల్లి లేకపోతే చెయ్యవలసిన మొదటి పని పాలు పట్టడం కాదు, వెచ్చచెయ్యడం. చిన్న కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లబడ్డ కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. సీసాలో వేడినీళ్ళు పోసి తువ్వాలు చుట్టి పక్కన పెట్టాలి. తర్వాత పాలు, అవి కూడా ఆవుపాలు కాదు. పిల్లిపాలలో మాంసకృత్తులూ కొవ్వూ ఆవుపాలలో కంటె చాలా ఎక్కువ. ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసం పాలపొడి దొరుకుతుంది, అది కలపాలి. చంటిబిడ్డను పట్టుకున్నట్లు వెల్లకిలా పట్టుకోకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల్లి కింద పడుకున్నట్లే ఉంచాలి. తాగిన తర్వాత తడి దూదితో కింద తుడవాలి. మూడు వారాల దాకా వాటికి తమంతట తాము మూత్రం రాదు, తల్లి నాకితేనే వస్తుంది. ఈ తల్లి నాలుక పని మొదటిసారి చేసిన రాత్రి మా వారు నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

అన్నిటికన్న ముఖ్యమైన పనిముట్టు వంటింటి తూకం. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన రోజుకు కనీసం 10 గ్రాములు పెరగాలి. ఒకరోజు పెరగకపోతే కనిపెట్టాలి, తగ్గితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాత అటెండెన్సు రిజిస్టరు ఒకటి తీసి అందులో రాసేదాన్ని. 210, 225, 190. మర్నాడు 222, 236, 199. పరమేశం పోయిన తర్వాత రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్రపట్టేది కాదు. ఇప్పుడు కూడా రెండింటికే లేస్తున్నాను, కాని లేచి చెయ్యవలసిన పని ఉంది. దుఃఖం పోయిందని అనను. అది పక్క గదిలో కూర్చుంది, అంతే.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మాది శాకాహారపు ఇల్లు. "పెరుగన్నం పెట్టి పెంచవచ్చు కదా" అని అడిగేవాళ్ళు చాలామంది. పెంచకూడదు. పిల్లి ఒంట్లో టారిన్ అనే పదార్థం చాలినంత తయారుకాదు, అది మాంసం, చేపల నుంచే రావాలి. దాని లోపం వల్ల రెటీనా దెబ్బతిని పిల్లులకు చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో సైన్స్ పత్రికలో వ్యాసాలు వచ్చాయి. అందుచేత నేను కవళ్ళు, నెత్తళ్ళు బేరమాడడం నేర్చుకున్నాను. వాటికి వేరే పొయ్యి, వేరే గిన్నె, పెరట్లో.

మొదటి మూడూ పది వారాలకు మంచి ఇళ్ళకు వెళ్ళాయి. ఇక మిగతాది. ఇది రాయకుండా ముగించే వీలుంటే బాగుండేది.

2022 నవంబరులో నాలుగు కూనలు వచ్చాయి. నాలుగోరోజున ఒకటి వాంతి చేసుకుంది. పాన్‌ల్యూకోపీనియా అని డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారు. కుక్కపిల్లలకు వచ్చే పార్వో జబ్బుకు ఇది దగ్గర చుట్టం. ఒక వైరసు పేగుల్నీ తెల్లరక్తకణాల్నీ తినేస్తుంది. అవి ఆ జబ్బుతోనే మా ఇంటికి వచ్చాయి, అందులో ఎవరి తప్పూ లేదు. రెండు పోయాయి, రెండు దక్కాయి. అవి వెళ్ళిపోయాక గదంతా ఫినాయిలుతో రెండుసార్లు కడిగించి, శుభ్రమైందని నిశ్చింతగా ఉన్నాను. నాలుగు నెలల తర్వాత, 2023 మార్చిలో, ఇంకా టీకా వెయ్యని కూనను ఒకదాన్ని అదే గదిలో పెట్టాను. ఆరురోజులు బతికింది.

"గది దేనితో కడిగారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ వైరసు నేలమీద, గుడ్డల్లో ఏడాది దాకా బతికుంటుంది. ఫినాయిలుకు చావదు. ముందు బాగా కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం ముప్పై పాళ్ళ నీళ్ళలో కలిపి తడిపి, పది నిమిషాలు ఉంచాలి. గుడ్డలూ పెట్టెలూ పారెయ్యాలి. పైగా ఫినాయిలు పిల్లికే విషం. అటువంటి పదార్థాల్ని విరిచే ఎంజైము దాని కాలేయంలో చాలినంత లేదు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ పిల్లిని చంపేది కూడా అందుకే. ఈ రెండో సంగతి నేను క్లాసులో చెప్పి ఉన్నాను. మొదటిదానికీ దీనికీ ముడివేసుకోలేదు. ఆ కూన బరువు రిజిస్టరులో ఆరు గళ్ళలో ఉంది, ఏడో గడి ఖాళీ. ఆ పేజీ చింపలేదు.

ఇక చాలు, నాకిది చేతకాదు అనుకున్నాను. ఏడాది దాకా ఆ గదిలోకి టీకా పడని కూనల్ని తేవద్దని డాక్టరుగారు కూడా అన్నారు. "టీకాలు పూర్తయిన పెద్దపిల్లికి మాత్రం భయం లేదు" అని ఒక మాట అదనంగా అన్నారు. ఆ అదనపు మాటను మా విద్యార్థిని విననే విన్నది.

ఆ జూన్‌లో వచ్చింది చిట్టి. పదకొండేళ్ళ ఆడపిల్లి. ఒక రిటైర్డు మాస్టారు పెంచారు. ఆయన పోయారు. కొడుకులు ఇల్లు ఖాళీ చేస్తూ బుట్టలో పెట్టి సంరక్షణ కేంద్రంలో ఇచ్చి వెళ్ళారు. కేంద్రంలో మూడు రోజులు పెద్దగా ఏమీ ముట్టుకోలేదట. పిల్లి ఉపవాసం మన ఏకాదశి వంటిది కాదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడైపోతుంది.

మా ఇంట్లో తొమ్మిది రోజులు మంచం కింద ఉంది. బయటికి లాగకూడదు, ఎదురుగా కూర్చుని కళ్ళలోకి గుచ్చి చూడకూడదు. నేలమీద పక్కకు తిరిగి కూర్చుని, దానికి గొంతు అలవాటు కావాలని, సెమిస్టరు జవాబుపత్రాలు పైకి చదివేదాన్ని. (ఎకైనోడెర్మేటా మీద కొన్ని జవాబులకు అది చెవులు వెనక్కి పెట్టింది. నాకూ అదే అభిప్రాయం.) మనం నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లులు బదులుగా అలాగే చేస్తాయని, దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడతాయని ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రయోగాలు చేసి చూపించారు. అదీ చేశాను. వెచ్చచేసిన నెత్తళ్ళ నీళ్ళు చెంచాతో పెట్టేదాన్ని, కొంచెం నాకేది.

పదోరోజు రాత్రి మంచం కింద నుంచి వచ్చి, పరమేశం పడుకునే కిటికీ గట్టు మీద కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెబుతున్నాను, ఆ చోటు నుంచి దాన్ని తోసెయ్యాలనిపించింది. తర్వాత దాని మొహం చూశాను. అది వీధి గేటు వైపు చూస్తోంది. మాస్టారు వస్తారని కాబోలు. పరమేశం జాగాలోకి ఇంకొకటి వచ్చిందని నేను అనుకుంటున్నాను. దానికి నేను మాస్టారి జాగాలో ఉన్నదాన్ని. ఎవరూ ఎవరి జాగాలోకీ రాలేదు. ఆ రాత్రి ఇద్దరం గేటు చూస్తూ కూర్చున్నాం.

ముసలి పిల్లిని ఎవరూ అడగరు. ఎనిమిది నెలలు మాతోనే ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ వచ్చారు, భర్త పోయి ఒంటరిగా ఉంటున్నారు. "కూన వద్దమ్మా, దాని వెనకాల పరుగెత్తలేను. పెద్దది ఉంటే చెప్పు" అన్నారు. మా వారు నా మొహం చూశారు. ఉంచేసుకోవచ్చు. చాలామంది ఉంచేసుకుంటారు, తప్పేమీ కాదు. కాని మాది ఒకే గది, అది నిండితే తర్వాత వచ్చే పెట్టెకు గుమ్మం మూసినట్లే. ఆవిడ ఇంటికి వెళ్ళి కిటికీలకు వల ఉందో లేదో చూశాను, చిట్టికి గుర్తుగా దాని దుప్పటి ఇచ్చాను, ఆటోలో వస్తూ దారి పొడుగునా ఏడ్చాను. పరమేశం పోయినప్పటి ఏడుపు ఇది కాదు. వారం తర్వాత ఆవిడ ఫోను చేసి, చిట్టి టీవీ మీద కూర్చోవడానికి ప్రయత్నించి కిందపడిందనీ, ఈ కాలపు టీవీలు మరీ పలచగా ఉంటున్నాయనీ చెప్పారు.

ఆ ఏప్రిల్ నుంచి, ఏడాది గడువు తీరి, గది బ్లీచింగ్‌తో కడిగాక, మళ్ళీ కూనలు వస్తున్నాయి. ఇప్పుడు వచ్చిన ప్రతిదాన్నీ ముందు రెండు వారాలు విడిగా ఉంచుతాను. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. తీసుకునేవాళ్ళతో ఆపరేషను చేయిస్తామని మాట తీసుకుంటాం. నాలుగైదు నెలల పిల్లి కూడా చూలుకట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనగలదు, ఆ లెక్క పెరిగేకొద్దీ సంరక్షణ కేంద్రం గుమ్మంలో పెట్టెలూ పెరుగుతాయి.

విద్యార్థులు చాలామంది మేమూ చేస్తామని అడుగుతున్నారు. సంతోషం. సెలవుల్లో ఇంటి దగ్గర ఉండేవాళ్ళు, అమ్మానాన్నల్ని ఒప్పించినవాళ్ళు నా గదికి రండి, తూకం ఎలా వెయ్యాలో చూపిస్తాను. రాత్రి రెండింటి డ్యూటీకి మనుషులు కావాలి, సైకిలు మీద పాలపొడి తెచ్చిపెట్టేవాళ్ళు కావాలి. హాస్టలు గదుల్లో మాత్రం వద్దు. కిందటి డిసెంబరులో మూడో అంతస్తులో ఏం దొరికిందో వార్డెనుగారికి ఇంకా గుర్తుంది, ఆ అట్టపెట్టె మీద మా డిపార్టుమెంటు పేరు ఉంది.