తోటలో మిత్రులు – శత్రువులు

సికింద్రాబాదుకు ఈశాన్య దిశలో ఉన్న సైనిక్‌పురి, విశ్రాంత సైనికోద్యోగుల నివాసార్థం ఏర్పడిన కాలనీ. విశాలమైన ఆవరణలో ఒక ఇల్లు, ఇంటి ముందు పూలమొక్కలు, పెరటిలో కరివేపాకు, నిమ్మ, మందారం – ఇది ఆ కాలనీ తొలినాటి రూపం. కాలక్రమంలో బహుళ అంతస్తుల భవనాలు వెలిసి పెరళ్లు కుదించుకుపోయినా తోటపని మీది మక్కువ పోలేదు. నేల చాలని చోట అది మేడ మీదికెక్కి మిద్దెతోటగా మారింది.

ఇటువంటి తోటలలో చలికాలం రాగానే చిక్కుడు తీగ లేత కొనలకు నల్లని పేనుబంక పడుతుంది. కొద్ది రోజులకు అవే కొనల మీద మొసలి పిల్లను పోలిన చిన్న పురుగులు చురుకుగా తిరుగుతూ కనిపిస్తాయి. వాటి దేహం బూడిదనలుపు. దాని మీద నారింజ రంగు మచ్చలు. పేనుబంకను అంతగా పట్టించుకోని గృహస్థు సైతం ఈ వికృతాకారాలను చూచి బెదిరి, ఎరువుల దుకాణానికి పోయి పురుగుమందు తెచ్చి చల్లుతాడు. మరునాటికి అన్నీ చచ్చిపడి ఉంటాయి. కాని రెండు మూడు వారాలలో పేనుబంక మునుపటికంటె దట్టంగా తిరిగి వస్తుంది. మొసలి రూపపు పురుగులు మాత్రం రావు. ఈలోగా ఆ చిక్కుడుకాయలు ఆ ఇంటి వంటకే చేరుతాయి.

చనిపోయిన ఆ పురుగులు అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రని నున్నటి వీపు మీద నల్లని చుక్కలతో, పిల్లలు అరచేతిలో పెట్టుకొని ఆడుకొనే ఆ అందమైన పురుగే బాల్యంలో ఇంత భీకరంగా ఉంటుంది. అది ఎదిగేలోపల వందలకొద్దీ పేనుబంక పురుగులను భక్షిస్తుంది. పేనుబంకకు ఉన్న బలం దాని సంతానోత్పత్తి వేగం. ఆడపురుగు మగదానితో నిమిత్తం లేకుండానే పిల్లలను కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజులకే మళ్లీ పిల్లలను కనగలవు. వేటాడే పురుగు సంఖ్యలో తక్కువ, పెరుగుదలలో నిదానం. మందు రెండింటినీ సమానంగా చంపినా, మళ్లీ లేచి నిలిచేది పేనుబంకే.

అక్షింతల పురుగు విషయంలో మరొక చిక్కు ఉన్నది. తెలుగు రైతులు ఇదే పేరుతో పిలిచే పురుగు మరొకటి వంగ తోటలో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని ఎపిలాక్నా అంటారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటికీ వీపు గుండ్రన, చుక్కలు నలుపు. కాని ఎపిలాక్నా మాంసాహారి కాదు. అది, దాని పిల్లలు వంగ, బంగాళాదుంప, కాకర ఆకులలోని పచ్చని పదార్థాన్ని గీకి తిని, ఈనెల మధ్య జల్లెడ వంటి పొరను మాత్రమే మిగుల్చుతాయి. పరీక్షగా చూస్తే తేడా తెలియకపోదు. మిత్రుడి వీపు అద్దంవలె మెరుస్తుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నని నూగు ఉన్నందున మెరుపు ఉండదు. రంగు మాసిన రాగిని పోలి ఉంటుంది. చుక్కలు సాధారణంగా ఇరవై ఎనిమిది. పిల్లపురుగు పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఉంటుంది. అయినా చుక్కలు లెక్కించడంకంటె పురుగు ఉన్న ఆకును చూడడం సులభం. ఆకు జల్లెడైతే శత్రువు. ఆకు చెక్కుచెదరక పేనుబంక గుంపు పలచబడుతూ ఉంటే మిత్రుడు.

మందారం చెట్టు దగ్గర ఈ పరీక్షకు మరింత ఓపిక కావాలి. మందారాన్ని పట్టే పిండినల్లి దూదిపింజలవలె తెల్లగా ఉంటుంది. దానిని తినే క్రిప్టోలీమస్ అనే పురుగు పిల్ల కూడా ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో పెద్ద పిండినల్లివలెనే కనబడుతుంది. పిండినల్లి ఇంచుమించు కదలదు; ఇది చకచకా పాకుతుంది. ఆస్ట్రేలియా దేశపు ఈ పురుగును కాఫీ తోటలలోని పొలుసు పురుగుల నివారణకై 1898లో భారతదేశానికి తెచ్చారు.

ఆకు అడుగున సన్నని దారపు కొసన తెల్లని గుడ్లు నిలిచి ఉంటే అవి క్రైసోపా గుడ్లు. పేనుబంక నడుమ కాళ్లు లేని జలగ వంటి పురుగు ఉంటే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. ఎనిమిది కాళ్ల సాలీడు కీటకం కాకపోయినా మిత్రవర్గంలోనిదే. గొల్లభామ మాత్రం ఎవరి పక్షమూ కాదు. మిడతను పట్టినట్లే తేనెటీగనూ పట్టి తింటుంది.

కంటికి ఆనని మిత్రులు పరాన్నజీవులైన చిన్న కందిరీగలు. గోధుమ రంగుకు తిరిగి ఉబ్బి, వీపున గుండ్రని రంధ్రం ఉన్న పేనుబంక కనిపిస్తే, దాని లోపల పెరిగిన కందిరీగ బయటకు వెళ్లిపోయిందని అర్థం. గొంగళి పురుగు ఒంటి మీద తెల్లని బియ్యపు గింజల వంటివి ఉంటే అవీ కందిరీగల గూళ్లే. ఆ పురుగును చంపితే అవీ నశిస్తాయి. ఈ చిరుజీవుల శక్తి తక్కువది కాదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడిన బొప్పాయి పిండినల్లి దక్షిణాదిన తోటలను నాశనం చేయగా, 2010లో విదేశం నుండి తెప్పించి వదిలిన ఎసిరోఫేగస్ అనే కందిరీగ దానిని అదుపు చేసింది.

కొన్ని కీటకాలకు శత్రువనే ముద్ర వేయడమూ న్యాయం కాదు. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పక్షి రెట్టవలె కనిపించే పురుగు నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్న మొక్కకు అది చేటే. ఎదిగిన చెట్టుకు నాలుగు ఆకులు పోవడం నష్టం కాదు.

ఈ పరిజ్ఞానం పొలంలోనూ నిలిచింది. పాల్వంచ సమీపాన ఉన్న పునుకుల గ్రామ రైతులు ప్రత్తిలో పురుగుల జీవితచక్రాన్ని తెలుసుకొని, వేపగింజల కషాయం వంటివి వాడి, 2004 నాటికి ఊరంతటా రసాయన పురుగుమందులను మానివేశారు. అదే సంవత్సరం సికింద్రాబాదులో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ పద్ధతిని ఇతర గ్రామాలకు తీసుకుపోయింది.

ఇంటి తోటకు అంత ప్రయాస అవసరం లేదు. పేనుబంకను నీటి ధారతో రాల్చవచ్చు. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాసి అక్షింతల పురుగులను తరుముతాయి గనుక, ముందుగా చీమల దారిని అడ్డగించాలి. వేపకషాయం కొట్టవలసివస్తే తేనెటీగలు తిరగని సాయంకాలం వేళ, పురుగు ఉన్న కొమ్మకే కొట్టాలి. వంటకు కోయగా మిగిలిన కొత్తిమీరను పూతకు వదిలితే, ఆ చిన్న తెల్లని పూలలోని మకరందం కోసం సిర్ఫిడ్ ఈగలు, కందిరీగలు వచ్చి పక్కనున్న చిక్కుడు తీగ మీద గుడ్లు పెట్టిపోతాయి.