మోర్మోను మత స్థాపకుల నిజాయితీ: ఒక చారిత్రక, వేదాంత పరిశీలన

పరిచయము

మోర్మోను మతమును గూర్చిన చర్చ తరచుగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. దాని స్థాపకుడైన జోసెఫ్ స్మిత్ (1805–1844) తెలిసి తెలిసి మోసము చేశాడా? లేక తాను చెప్పినది నిజమని తానే నమ్మాడా? విమర్శకులు అతడు వట్టి వంచకుడంటారు. ఆ సంఘస్థులు, అబద్ధమని తెలిసిన దానికొరకు ఎవరైనా ప్రాణము పెడతారా అని తిరిగి అడుగుతారు.

ఈ ప్రశ్న తెలుగు కాపరులకు దూరమైనది కాదు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము భారతదేశములో తన మొదటి 'స్టేకు'ను, అనగా అనేక స్థానిక సంఘముల కూటమిని, 2012లో హైదరాబాదులోనే ఏర్పరచింది. మోర్మన్ గ్రంథము తెలుగులో లభిస్తున్నది. మన యౌవనస్థులు ఆ మిషనెరీలతో మాట్లాడి, వారి మర్యాదను, క్రమశిక్షణను చూచి, వీరు మోసగాళ్లెలా అవుతారని మనలను అడుగుతారు. (మోర్మోను అను పేరుకు బదులు పూర్తి పేరు వాడవలెనని ఆ సంఘము 2018 నుండి గట్టిగా కోరుతున్నది. ఇక్కడ మనము చూచునది ఆరంభకాలపు చరిత్ర గనుక, చరిత్రకారులు వాడు పేరునే వాడుతున్నాము.)

మేము ఇక్కడ చెప్పదలచినది ఇది: స్థాపకుల నిజాయితీ వేరు, వారి బోధలోని సత్యము వేరు. మొదటిదానిని నిరూపించినంత మాత్రాన రెండవది నిరూపింపబడదు, మొదటిదానిని కొట్టివేసి రెండవదానికి జవాబు చెప్పినట్లు అనుకొనుటయు తగదు.

1. సంగ్రహ చరిత్ర

జోసెఫ్ స్మిత్ వెర్మాంట్ రాష్ట్రములో బీద రైతు కుటుంబములో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రములోని పాల్మైరా ప్రాంతములో పెరిగాడు. 1823లో మొరోనై అను దూత తనకు కనబడి, కొండలో పాతిపెట్టబడిన బంగారు రేకులను గూర్చి చెప్పాడనియు, 1827లో తాను వాటిని పొందాననియు ప్రకటించాడు. వాటి అనువాదమని చెప్పిన మోర్మన్ గ్రంథము 1830 మార్చిలో 5,000 ప్రతులుగా వెలువడింది. అదే సంవత్సరము ఏప్రిల్ 6న సంఘము స్థాపింపబడింది. తరువాత అతని అనుచరులు ఒహాయో రాష్ట్రములోని కర్ట్‌లాండ్‌కు, మిస్సోరికి, చివరికి ఇల్లినాయ్ రాష్ట్రములోని నావూ పట్టణమునకు తరలివెళ్లారు. 1844 జూన్ 27న కార్తేజ్ ఊరి చెరసాలలో ఒక మూక అతనిని, అతని అన్న హైరమ్‌ను కాల్చి చంపింది. అప్పటికి జోసెఫ్ వయస్సు 38 సంవత్సరములు.

2. మోసమని చెప్పువారి ఆధారములు

మొదటిది, నిక్షేపముల వెదకులాట. యౌవనములో స్మిత్ ఒక రాయిలో చూచి భూమిలోని నిధులను కనుగొనగలనని పేరు పొందాడు. 1825లో జోసయ్యా స్టోవెల్ అను రైతు వెండి గని వెదకుటకు అతనిని కూలికి పెట్టుకున్నాడు. 1826లో ఇదే విషయమై బెయిన్‌బ్రిడ్జ్ ఊరిలో న్యాయాధికారి యెదుట అతడు విచారింపబడ్డాడు. తరువాత మోర్మన్ గ్రంథమును చెప్పి వ్రాయించినప్పుడు కూడ ఎక్కువగా టోపీలో రాయి ఉంచి, అందులో ముఖము పెట్టి పలికాడని సాక్షులు చెప్పారు. 2015లో ఆ సంఘమే ఆ రాయి ఛాయాచిత్రమును ప్రచురించింది.

రెండవది, అబ్రాహాము గ్రంథము. 1835లో కర్ట్‌లాండ్‌లో ఐగుప్తు పాపిరస్ చుట్టలు కొనబడ్డాయి. వాటిలో అబ్రాహాము వ్రాతలున్నవని స్మిత్ చెప్పి, 1842లో 'అనువాదము' ప్రచురించాడు. ఆ పాపిరస్ ముక్కలు కొన్ని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియములో బయటపడి, 1967లో ఆ సంఘమునకు అప్పగింపబడ్డాయి. అవి మృతులతో కూడ ఉంచు సాధారణ ఐగుప్తు వ్రాతలని పండితులు తేల్చారు. ఆ ముక్కల మీది అక్షరములు అబ్రాహాము గ్రంథముతో సరిపోవని సంఘము కూడ 2014లో తన వ్యాసములో ఒప్పుకున్నది. అయితే చుట్టలలో కొంత భాగమే మిగిలినదనియు, అనువాదమనగా మాటకు మాట మార్చుటయే కానక్కరలేదనియు వారు జవాబు చెబుతారు.

మూడవది, బహుభార్యాత్వము. దీనిని గూర్చిన ప్రకటన 1843 జూలైలో వ్రాయబడింది. ఆచరణ అంతకు ముందే, రహస్యముగా సాగుతున్నది. 1844 మే నెలలో స్మిత్ బహిరంగ ప్రసంగములో తనకున్నది ఒకే భార్య అను అర్థము వచ్చునట్లు మాట్లాడాడు. అప్పటికి అతడు సుమారు 30 మందికి పైగా స్త్రీలతో ఈ వివాహబంధము చేసుకున్నాడని చరిత్రకారుల లెక్క. సంఘము 2014లో ప్రచురించిన వ్యాసము కూడ జాగ్రత్తగా వేసిన అంచనాలు 30కి, 40కి మధ్య ఉన్నవని చెబుతుంది. వారిలో ఒకామెకు ఇంకా 15 ఏండ్లు నిండలేదు. ఇక్కడ స్మిత్ ప్రజలను తప్పుదారి పట్టించాడనుటలో సందేహమునకు తావు చాల తక్కువ.

3. నమ్మకమని చెప్పువారి ఆధారములు

మొదటిది, ఆంతరంగిక వ్రాతలు. వంచకుడు జనుల యెదుట ఒకలాగు, ఏకాంతములో మరియొకలాగు ఉండవలెను. స్మిత్ భార్య ఎమ్మాకు 1832లో వ్రాసిన లేఖలోను, అదే సంవత్సరము ఆరంభించిన దినచర్య పుస్తకములోను కనబడేది పశ్చాత్తాపపడి ప్రార్థించు మనిషి. 2008 నుండి 2023 వరకు వరుసగా అచ్చయిన జోసెఫ్ స్మిత్ పత్రముల సంపుటములలో, ఇదంతా నాటకమని తన వారితో గుసగుసలాడిన స్మిత్ ఎక్కడను కనబడడు.

రెండవది, సాక్షులు. ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్ అను ముగ్గురు దూతను, రేకులను చూచామని 1829లో సాక్ష్యమిచ్చారు. హారిస్ అచ్చు ఖర్చు కొరకు తన పొలమును తాకట్టు పెట్టి పోగొట్టుకున్నాడు. ముగ్గురును 1837–38లో స్మిత్‌తో విభేదించి వెలివేయబడ్డారు. పగ తీర్చుకొనుటకు మంచి అవకాశమున్నను, వారు ఆ సాక్ష్యమును వెనుకకు తీసుకొనలేదు. కౌడరీ 1848లోను, హారిస్ 1870లోను తిరిగి చేరారు. విట్మర్ 1888లో చనిపోవువరకు తిరిగి చేరకుండనే తన సాక్ష్యమును నిలుపుకున్నాడు.

ఈ సాక్ష్యమును తేలికగా కొట్టివేయరాదు. అయితే దాని స్వభావమును కూడ చూడవలెను. రేకులను ఆత్మీయ నేత్రములతోనే చూచానని హారిస్ చెప్పినట్లు 1838లో స్టీఫెన్ బర్నెట్ ఒక లేఖలో వ్రాశాడు. అదిగాక, స్మిత్ మరణానంతరము అతని వారసుడనని చెప్పుకున్న జేమ్స్ స్ట్రాంగ్ 1845లో విస్కాన్సిన్‌లో నేలలోనుండి ఇత్తడి రేకులు తీయించాడు. అతనికిని నలుగురు సాక్షులున్నారు. అతడును 1856లో కాల్చబడి చనిపోయాడు. హారిస్ స్వయముగా కొంతకాలము స్ట్రాంగ్ పక్షమున ఇంగ్లాండుకు వెళ్లాడు. యూటా సంఘము స్ట్రాంగ్‌ను అంగీకరించదు. కాబట్టి రేకులు, సాక్షులు, హింసాత్మక మరణము అను మూడును కలిసినంత మాత్రాన ప్రవక్త నిర్ధారింపబడడని ఆ సంఘము కూడ ఒప్పుకొనవలసి వస్తుంది.

4. మధ్యేమార్గ వివరణలు

ఫాన్ బ్రోడీ 1945లో వ్రాసిన జీవితచరిత్రలో స్మిత్‌ను కల్పనతో ఆరంభించి క్రమముగా తన పాత్రలో లీనమైపోయినవానిగా చిత్రించింది. డాన్ వోగెల్ 2004లో అతనిని 'భక్తిగల మోసగాడు' అను కోవలో ఉంచాడు. అనగా దేవుడు తనను పిలిచాడని నమ్మి, జనులను దేవునివైపు త్రిప్పుటకు కొంత కల్పన తప్పు కాదనుకున్నవాడు. ఆన్ టేవ్స్ 2016లో మరియొక మార్గము చూపింది: రొట్టె క్రీస్తు శరీరమగునని నమ్మువాని వలె, తాను చేసిన వస్తువు దేవుని శక్తిచేత ప్రాచీన రేకులగునని స్మిత్ నమ్మియుండవచ్చును. ఆ సంఘ సభ్యుడైన రిచర్డ్ బుష్మన్ 2005లో వ్రాసిన గ్రంథము అతని లోపములను దాచకుండనే అతనిని నిజాయితీగల ప్రవక్తగా చూస్తుంది.

ఇవి ఏవియు పూర్తిగా నిరూపించదగినవి కావు. ఒక మనుష్యుని అంతరంగము పత్రములకు అందదు. అయినను వీటి వలన ఒక సంగతి స్పష్టమగును. నిజాయితీ అనునది దీపము వలె వెలుగుటో ఆరుటో కాదు. ఒకే మనుష్యుడు తన పిలుపును గూర్చి మనఃపూర్వకముగా నమ్మి, తన వివాహములను గూర్చి బొంకగలడు. ఎమ్మా 1879లో తన కుమారునితో చెప్పిన సాక్ష్యమే ఇందుకు ఉదాహరణ. అందులో ఆమె రేకులను గూర్చి తన నమ్మకమును గట్టిగా చెప్పింది. అదే సంభాషణలో తన భర్తకు ఇతర భార్యలు లేరనియు చెప్పింది. రెండవ మాట నిలువదని పత్రములు చూపుతున్నవి. అంతమాత్రాన మొదటి మాట ఆమె హృదయపూర్వకముగా చెప్పలేదని మనము అనగలమా?

స్థాపకులందరిని ఒకే గాటన కట్టుటయు సరికాదు. స్మిత్‌ను గూర్చి ఏ తీర్పు చెప్పినను, పొలము పోగొట్టుకున్న హారిస్‌కు, 1846–47లో వేలాది కుటుంబములను పడమటికి నడిపిన బ్రిగమ్ యంగ్‌కు, దారిలో బిడ్డలను పాతిపెట్టిన తల్లులకు అదే తీర్పు అంటదు.

5. విమర్శకులకు ఒక హెచ్చరిక

1834లో ఈబర్ హౌ ప్రచురించిన పుస్తకము, మోర్మన్ గ్రంథము సాలొమోన్ స్పాల్డింగ్ అను వాని కథనుండి దొంగిలించబడినదని చెప్పింది. క్రైస్తవ రచయితలు అర్ధ శతాబ్దము దానిని పరిశోధించకనే తిరిగి వ్రాశారు. 1884లో స్పాల్డింగ్ వ్రాతప్రతి హొనొలులులో దొరికినప్పుడు రెండింటికి అంత పోలిక లేదని తేలింది. దీనికి భిన్నముగా, 1980లలో మార్క్ హాఫ్‌మన్ అమ్మిన ఒక లేఖ మోర్మోను చరిత్రకు గొప్ప దెబ్బ అనిపించినప్పుడు, ఆ మతమును విడిచి విమర్శకుడైన జెరాల్డ్ టానర్ 1984లోనే అది కూటవ్రాత కావచ్చునని బహిరంగముగా హెచ్చరించాడు. ఆ లేఖ అతని వాదమునకు అనుకూలమైనదే. హాఫ్‌మన్ 1987లో హత్యలతోపాటు మోసమును ఒప్పుకున్నాడు. మనము అనుసరించవలసినది టానర్ చూపిన మాదిరి.

6. వాక్యపు కొలబద్ద

తెలిసి అబద్ధమాడువాడే అబద్ధ ప్రవక్త అని లేఖనము చెప్పదు. యెహెజ్కేలు 13వ అధ్యాయములోని ప్రవక్తలు తమ స్వంత హృదయమునుండి పలికి, ఆ మాట నెరవేరునని ఎదురుచూచారు. అనగా వారు తమ మాటను తామే నమ్మారు. పౌలు 2 తిమోతి 3:13లో మోసగించుటను, మోసపోవుటను ఒకే మనుష్యులయందు చూపుతాడు. రోమా 10:2లో ఆసక్తి ఉన్నను జ్ఞానము లేకపోవచ్చునని చెబుతాడు. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము సూచక క్రియ జరిగినను బోధను పరీక్షించమంటుంది. గలతీ 1:8 దూతనుకూడ పరీక్షించమంటుంది. వీటిలో ఎక్కడను ప్రవక్త హృదయమును చీల్చి చూడమను ఆజ్ఞ లేదు. పరీక్ష బోధకే.

7. మన స్వంత వాదము మాటేమిటి?

ఇక్కడ మనకు కష్టమైన ప్రశ్న ఎదురగును. అబద్ధము కొరకు ఎవడును చావడని మనము కూడ అపొస్తలులను గూర్చి ప్రసంగిస్తాము. స్మిత్ విషయములో చెల్లని వాదము పేతురు విషయములో ఎట్లు చెల్లును?

సరిగా చెప్పినయెడల అది రెండు చోట్లను ఒకే పని చేస్తుంది: చెప్పినవాడు నమ్మాడని మాత్రమే చూపుతుంది. అంతకు మించి దాని మీద భారము వేయరాదు. స్మిత్ చెరసాలలో రహస్యముగా అందిన తుపాకితో తిరిగి కాల్చాడు గనుక అతని మరణము లెక్కలోనికి రాదని కొందరంటారు. అది చిన్న తప్పించుకొనుట. అపొస్తలుల విషయములోను జాగ్రత్త కావలెను. జెబెదయి కుమారుడైన యాకోబు మరణము అపొస్తలుల కార్యములు 12లో ఉన్నది. ప్రభువు సహోదరుడైన యాకోబు మరణమును జోసీఫస్ వ్రాశాడు. పేతురు, పౌలుల మరణములకు తొలికాలపు ఆధారములున్నవి. మిగిలిన అనేకుల కథలు తరువాతి పారంపర్యములు. ప్రసంగములో ఈ భేదమును చెప్పుట వలన విశ్వాసము బలహీనపడదు.

పునరుత్థానమునకు మనము చూపవలసిన ఆధారము మరొకచోట ఉన్నది. 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో పౌలు పేర్లతో సాక్షులను చూపి, ఇది జరుగనియెడల మన విశ్వాసము వ్యర్థమని తానే ఒప్పుకుంటాడు. సాక్షులలో శత్రువైన పౌలు, మొదట నమ్మని యాకోబు ఉన్నారు. ఈ ఆధారమును తూచునప్పుడు మోర్మోను మిత్రునికి మనము పెట్టిన తూకపు రాళ్లనే మనకును పెట్టుకొనవలెను.

ముగింపు

కాబట్టి మిషనెరీలతో మాట్లాడుచున్న యౌవనస్థుడు మన యొద్దకు వచ్చినప్పుడు, వారి ప్రవక్త మోసగాడను మాటతో ఆరంభింపకుందము. ఆ మాట అతడు చూచిన మంచి మనుష్యులతో పొసగదు గనుక, అతడు మన తక్కిన మాటలనుకూడ నమ్మడు. స్థాపకులలో నమ్మకమున్నదని ఒప్పుకొనవచ్చును. వివాహముల విషయములో వంచన జరిగినదని నెమ్మదిగా చూపవచ్చును. ఆ తరువాత అసలు ప్రశ్నలకు రావలెను: అబ్రాహాము గ్రంథము అది చెప్పుకొనునదేనా? దేవుడు ఒకప్పుడు మనుష్యుడైయుండెనని 1844 ఏప్రిల్‌లో స్మిత్ చేసిన బోధ యెషయా 43:10తో నిలుచునా? సువార్త భూమిమీద నుండి తొలగిపోయి తిరిగి స్థాపింపబడవలసి వచ్చినదా? ఈ ప్రశ్నలకు పత్రములు, లేఖనములు మన చేతిలోనే ఉన్నవి. జోసెఫ్ స్మిత్ హృదయము మాత్రము మన చేతిలో లేదు. దానికి తీర్పు తీర్చువాడు వేరొకడున్నాడు.