సర్వర్‌కు రెండు గుమ్మాలు – ఐపీవీ6 గురించి నాలుగు మాటలు



ఉప్పల్, నాచారం, పోచారం వైపు కంప్యూటర్ కొలువుల్లో చేరిన పూర్వ విద్యార్థులం మేము. రేపు మీలో కొందరికి కూడా ఒక సర్వర్ అప్పగిస్తారు. దానికి ఐపీవీ6 చిరునామా పెట్టేటప్పుడు తెలియవలసిన సంగతులు ఇక్కడ చెబుతున్నాము.

నారపల్లిలో ఒక హాస్టల్‌కు వంద మంది పేర్ల మీద ఉత్తరాలు వచ్చినా చిరునామా ఒక్కటే. వాచ్‌మన్ పేరు చూసి గదికి చేరుస్తాడు. పాత పద్ధతి ఐపీవీ4లో ఇంట్లోని, ఆఫీసులోని కంప్యూటర్లు ఇలాగే ఒక్క చిరునామా వెనుక ఉంటాయి. దీన్నే న్యాట్ అంటారు. చిరునామాలు చాలకనే ఈ ఏర్పాటు. ఐపీవీ4లో 32 బిట్లు, అంటే సుమారు 430 కోట్ల చిరునామాలు మాత్రమే. ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. 128 బిట్ల ఐపీవీ6 ప్రమాణం 1998లోనే వెలువడినా, మన దేశంలో సామాన్యుని చేతికి అది విరివిగా అందింది 2016లో జియో వచ్చాకనే.

ఐపీవీ6లో ప్రతి గదికీ సొంత డోర్ నంబరు ఉంటుంది. ఉత్తరం నేరుగా గది తలుపు తడుతుంది, మధ్యలో వాచ్‌మన్ ఉండడు. కాబట్టి కాపలా మనమే పెట్టాలి. ఆ కాపలాయే ఫైర్‌వాల్.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లినక్స్‌లో ఐపీటేబుల్స్‌తో రాసిన నియమాలు ఐపీవీ4కు మాత్రమే వర్తిస్తాయి. ఐపీవీ6కు ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయాలి. ముందు గుమ్మానికి తాళం వేసి, పెరటి గుమ్మం తెరిచి పడుకున్నట్లు ఉంటుంది లేకపోతే! డేటాబేసు పోర్టు ఐపీవీ4లో మూసి ఉన్నా ఐపీవీ6లో పిలిస్తే పలకవచ్చు. మన స్కాలర్‌షిప్ దరఖాస్తులు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ ఏదో ఒక సర్వర్‌లోనే ఉంటాయి కదా. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో 'ఐనెట్' అనే పట్టిక తీసుకుంటే ఒకే నియమం రెండింటికీ పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఇదే వాడుకోవడం మేలని మా అభిప్రాయం.

మొదట సర్వర్‌కు స్థిరమైన చిరునామా ఇవ్వండి. సాధారణంగా ఒక నెట్‌వర్క్‌కు 64 బిట్ల ముందుభాగం కేటాయిస్తారు. రౌటర్ ప్రకటనలను చూసి సర్వర్ తనంతట తాను మరో చిరునామా పెట్టుకోకుండా ఆపండి. నకిలీ ప్రకటన పంపి దారి మళ్లించేవారు ఉంటారు. తర్వాత ఫైర్‌వాల్ పెట్టండి: అన్నీ మూసి, అవసరమైన పోర్టులే తెరవాలి. ఆ తర్వాతే డీఎన్‌ఎస్‌లో నాలుగు 'ఏ'ల రికార్డు చేర్చండి. ఈ వరుస తప్పకూడదు.

"చిరునామాలు లెక్కలేనన్ని, మనల్ని ఎవరు వెతికి పట్టుకుంటారు" అనేవారు ఉన్నారు. పేరు డీఎన్‌ఎస్‌లోకి ఎక్కిన తర్వాత వెతకనక్కరలేదు.

మరొక మాట. భద్రత పేరుతో ఐసీఎంపీ సందేశాలన్నీ ఆపే అలవాటు కొందరికి ఉంది. ఐపీవీ6లో పక్క యంత్రాన్ని కనుక్కోవడం కూడా ఐసీఎంపీవీ6తోనే జరుగుతుంది. పైగా దారిలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేయవు, "ఇది పెద్దదయింది" అని ఈ సందేశంతోనే తెలుపుతాయి. అన్నీ ఆపితే సర్వర్ మూగబోతుంది, లేదా చిన్న పేజీలు తెరుచుకుని పెద్దవి నిలిచిపోతాయి. కారణం దొరకక రాత్రంతా కూర్చోవలసి వస్తుంది.

చివరగా బయటి నుండి పరీక్షించండి. ఐపీవీ6 ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలిపి, ఎన్‌మ్యాప్‌కు '-6' చేర్చి మీ సొంత సర్వర్‌ను మాత్రమే తట్టి చూడండి. మీరు తెరిచిన పోర్టులు కాక ఇంకేదైనా పలికితే, ఫైర్‌వాల్ సరిచేసేదాకా డీఎన్‌ఎస్ రికార్డు తీసివేయండి.