కటకాన్ని తుడిచే ముందు ఒక్క క్షణం ఆగండి!

కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లలను ఆత్మకూరు నుంచి బస్సులో ఉదయగిరి తీసుకువెళ్లాను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న ఆ కొండకోటను కిందినుంచే బైనాక్యులర్‌తో చూపించాలని నా కోరిక. బడి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బైనాక్యులరే. అది మార్చి నెల. దారి పొడవునా దుమ్ము. బస్సు దిగగానే "అద్దాలు శుభ్రంగా తుడువు నాయనా" అంటూ దాన్ని ఒక విద్యార్థి చేతికిచ్చాను. వాడు ఎంతో శ్రద్ధగా చొక్కా అంచుతో గట్టిగా రుద్ది, తళతళలాడించి తెచ్చాడు.

పగలు కోట గోడలు బాగానే కనిపించాయి. ఆ రాత్రి చంద్రుణ్ణి చూసినప్పుడు బయటపడింది అసలు సంగతి. చంద్రుని చుట్టూ తెల్లని మసక! టార్చిలైటు వేసి చూస్తే కటకం నిండా సన్నని గీతలు. తప్పు వాడిది కాదు. ఎలా తుడవాలో చెప్పకుండా తుడవమన్న నాది.

మెత్తని గుడ్డ గట్టి గాజును ఎలా గీసింది? గీసింది గుడ్డ కాదు, గుడ్డకూ గాజుకూ మధ్య చిక్కుకున్న దుమ్ము. మన చేలగట్లమీద తెల్లటి పలుగురాళ్లు చూసే ఉంటారు. ఇసుకలో ఎక్కువ భాగం ఆ పలుగురాయి పొడే. గాలికి లేచే దుమ్ములోనూ అది ఉంటుంది. పదార్థాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయి స్థానం 7, మామూలు గాజుది దాదాపు 5.5. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది. అంటే దుమ్ము పట్టిన కటకాన్ని పొడిగుడ్డతో రుద్దడం, గరుకు కాగితంతో రుద్దడం లాంటిదే.

పైగా ఆ గాజుమీద కంటికి తెలియని పూత ఒకటి ఉంది. ట్యూబులైటు కింద బైనాక్యులర్‌నో కెమెరానో వంచి, కటకంలో ఆ దీపం ప్రతిబింబాన్ని చూడండి. తెల్లగా కాక ఊదారంగులోనో ఆకుపచ్చగానో కనిపిస్తే దానికి పూత ఉన్నట్లే.

ఈ పూత ఎందుకు? పూత లేని గాజుమీద కాంతి పడితే ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం పరావర్తనం చెంది వెనక్కు పోతుంది. బైనాక్యులర్‌లో ఒక్కొక్క కంటివైపు కటకాలు, పట్టకాలు కలిపి సాధారణంగా 10 ఉపరితలాలు ఉంటాయి. లెక్క కట్టండి: మూడో వంతు కాంతి దారిలోనే పోతుంది! 1892 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించాడు. ఏళ్లు గడిచి పైభాగం రంగు మారిన పాత కటకాలు కొత్తవాటికంటే ఎక్కువ కాంతిని పంపుతున్నాయి. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా అలాంటి పొరను కావాలని వేసే పద్ధతి కనిపెట్టాడు.

ఈ పూతకు ఎక్కువగా వాడేది మెగ్నీషియం ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ అనగానే ఉదయగిరి వైపు పిల్లలకు బోరునీళ్ల బాధ గుర్తుకొస్తుంది. ఇక్కడ మాత్రం అదే మాట మేలు చేసే పదార్థం పేరులో ఉంది. పూత పైభాగం నుంచి ఒక తరంగం, అడుగునున్న గాజునుంచి మరొక తరంగం వెనక్కు వస్తాయి. పూత మందం సరిగ్గా ఉంటే ఒకదాని శిఖరం మీద మరొకదాని ద్రోణి పడి రెండూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఆ కాంతి వృథా కాదు, కటకం గుండా ముందుకు పోతుంది. పరావర్తనం 4 శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది. ఆకుపచ్చ కాంతికి సరిపోయేలా వేసిన పూత మందం దాదాపు 100 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో సుమారు 700వ వంతు! అంత పలుచని పొరను చొక్కాతో రుద్దితే ఏమవుతుందో చెప్పాలా? ఒకసారి గీత పడ్డ పూతను ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు.

మరి శుభ్రం చేసేదెలా? మొదటి సూత్రం: అవసరం లేకుండా తుడవవద్దు. నాలుగు దుమ్ము రేణువులు దృశ్యాన్ని చెడగొట్టవు. తుడవడమే చెడగొడుతుంది.

అవసరమైతే ఈ వరుస తప్పకండి. ముందు కటకాన్ని కిందికి వంచి, కొత్త పొడి రబ్బరు బుడ్డిని నొక్కుతూ గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. మిగిలిన దుమ్మును శుభ్రమైన మెత్తని కుంచెతో తేలికగా దులపండి. కుంచె వెంట్రుకలను వేళ్లతో తాకవద్దు, చర్మంలోని జిడ్డు అంటుకుంటుంది.

వేలిముద్రలు ఇంకా ఉంటే అప్పుడే తడి. కెమెరా కటకాల కోసం అమ్మే ద్రవాన్ని శుభ్రమైన దూదిమీద ఒకటి రెండు చుక్కలు వేయండి. కటకంమీద నేరుగా పోస్తే అంచుగుండా లోపలికి జారుతుంది. దూదిని నొక్కకుండా, మధ్యనుంచి అంచుకు ఒక్కసారి లాగి పారవేయండి. మళ్లీ లాగాలంటే కొత్త దూది తీసుకోండి.

బోరునీళ్లు వద్దు. ఆరాక అందులోని లవణాలు తెల్లని మరకలుగా మిగులుతాయి. నీళ్లు కావలసివస్తే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. లాంతరు గాజును తోమినట్టు బూడిద, ముగ్గుపిండి అసలే వద్దు. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు కూడా పూతకు శత్రువులే.

కళ్లజోడు సంగతి వేరు. దాన్ని ముందు కుళాయి కింద పట్టి దుమ్ము కడిగేసి, చుక్క మెత్తని సబ్బునీటితో రాసి, మళ్లీ కడిగి, మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దండి. బైనాక్యులర్‌ను మాత్రం ఎన్నడూ నీళ్లలో ముంచకండి.

దూరదర్శినిలోని దర్పణం ఇంకా సున్నితం. దాని అల్యూమినియం పూత గాజుకు ముందువైపే ఉంటుంది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో 1986లో ప్రారంభమైన 2.3 మీటర్ల దూరదర్శినికి, పూత మసకబారినప్పుడు దాన్ని తీసేసి శూన్యపు గదిలో కొత్తగా అల్యూమినియం పూస్తారు. మన బడిలో అలాంటి గది ఎక్కడ?

అందుకే అన్నిటికంటే మంచి శుభ్రత, మురికి పట్టనివ్వకపోవడం. పని కాగానే మూత పెట్టండి. వానాకాలంలో బూజు పట్టకుండా బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచండి.

మా బైనాక్యులర్ ఇప్పటికీ ఉంది. ఏటా కొత్త తరగతికి ముందు ఆ గీతలే చూపిస్తాను. తరువాతే చంద్రుణ్ణి చూపిస్తాను. దాని మూత తీసే ముందు పిల్లలు నన్ను అడిగే మాట ఒకటే: "రబ్బరు బుడ్డి తెచ్చారా మాస్టారూ?"